పాత ఇంజనుకి చిక్కటి ఆయిలే మందా?

మన దగ్గర పాత కారు ఉన్న ప్రతివాడికీ ఒక ఉచిత సలహా దొరుకుతుంది. "బండి పాతదైంది కదండీ, కాస్త చిక్కటి ఆయిల్ పోయించండి, అదే సర్దుకుంటుంది." పెట్రోల్ బంకులో కుర్రాడు ఇస్తాడు, ఎదురింటాయన ఇస్తాడు, పెళ్ళి భోజనాల్లో పక్క విస్తరి ముందు కూర్చున్న పెద్దమనిషి కూడా పప్పు కలుపుకుంటూ ఇస్తాడు. జ్వరమొస్తే పారాసిటమాల్ వేసుకోమన్నట్టే ఇదీనూ. జ్వరం తగ్గుతుంది, సందేహం లేదు. అసలెందుకొచ్చింది అని మాత్రం ఎవరూ అడగరు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆయిల్ ప్రెషర్ తగ్గడం లక్షణమే తప్ప జబ్బు కాదు. జబ్బేంటో తేల్చకుండా ఆయిల్ మార్చడమంటే, మెమరీ లీకున్న అప్లికేషనుకి హీప్ సైజు పెంచేసి టికెట్ క్లోజ్ చేసినట్టే. క్లోజ్ చేసినవాడు ఆ రాత్రి హాయిగా పడుకుంటాడు. పదిహేను రోజుల తర్వాత ఆన్‌కాల్ లో ఉన్నవాడు అర్ధరాత్రి లేస్తాడు :)

నేనేమీ మెకానిక్కుని కాదు. చదివింది మెకానికల్ ఇంజనీరింగ్, రాసేది జావా. మా బ్యాచ్ లో సగం మంది కథ ఇదే కాబట్టి కొత్తగా చెప్పేదేం లేదు. నాలుగేళ్ళు చదివిన ఫ్లూయిడ్ మెకానిక్స్ నాకు మొట్టమొదటిసారి పనికొచ్చింది మా నాన్న కారు దగ్గర. అందుకే ఈ సోది.

మా నాన్నది 1998 మోడల్ మారుతి 800. నాకంటే ఏడాది చిన్నది. మూడు సిలిండర్లు, 796 సీసీ, కార్బురేటర్ ఇంజను. ఏసీ లేదు, పవర్ స్టీరింగ్ లేదు. 1983 డిసెంబరులో మొదలైన ఈ కారు తయారీ 2014 జనవరిలోనే ఆగిపోయింది గానీ మా తెనాలి సందుల్లో ఇంకా చాలానే తిరుగుతున్నాయి. నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. వారానికోసారి గుంటూరులో ఫిజియోథెరపీకి తీసుకెళ్ళేది ఈ కార్లోనే. బస్సు మెట్లు ఎక్కడం అమ్మ వల్ల కాదు.

కార్తీకమాసంలో నాన్న ఫోన్ చేసి, "ఒరే, దీపం వెలుగుతోందిరా" అన్నాడు. కార్తీకదీపం సంగతి కాదు. డాష్‌బోర్డు మీద అల్లావుద్దీన్ దీపం ఆకారంలో ఎర్రగా వెలుగుతుందే, ఆ ఆయిల్ లైటు. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు బాగానే ఉంటుంది. గుంటూరు వెళ్ళి, ఇంజను బాగా వేడెక్కాక, సిగ్నల్ దగ్గర ఆగితే మిణుకుమంటుంది. కాస్త యాక్సిలరేటర్ తొక్కితే ఆరిపోతుంది.

మా ఊరి షెడ్డులో చెప్పింది: 20డబ్ల్యూ-50 ఆయిల్ పోసి, దాంతోపాటు ఒక డబ్బా 'ట్రీట్‌మెంట్' కలిపితే సరిపోతుంది. గుంటూరులో ఒక పెద్ద గ్యారేజీవాళ్ళు చెప్పింది: బేరింగులు పోయాయి, ఇంజను దించాలి, నలభై వేలు అవుతుంది. మా బావ చెప్పింది: "ఈ బండికి నలభై వేలా! తుక్కుకి వేసేయండి మావయ్యా, కొత్తది ఈఎంఐలో తీసుకుందాం." ముగ్గురూ మంచి ఉద్దేశంతోనే చెప్పారు. ముగ్గుర్లో ఒక్కరు కూడా ఏదీ కొలిచి చెప్పలేదు.

ఈలోగా నాన్న కారు తీయడం మానేశాడు. అమ్మ రెండు వారాలు ఆటోలో వెళ్ళింది, మూడోవారం నుంచి "ఇప్పుడు కాస్త నయంగానే ఉందిలే" అంటూ వెళ్ళడమే మానేసింది. నయంగా ఏమీ లేదని ఫోన్లో గొంతు వింటేనే తెలుస్తోంది. నాకు కారు కంటే ఇది పెద్ద సమస్యగా కనబడింది. సంక్రాంతికి నాలుగు రోజులు ముందే లీవు పెట్టి ఊరెళ్ళాను.

సరే, అసలు విషయానికొద్దాం. ఆయిల్ ప్రెషర్ అంటే ఏమిటి?

చాలామంది అనుకునేది పంపు ప్రెషర్ పుట్టిస్తుందని. పంపు చేసేది ఆయిల్ ని తోయడం మాత్రమే. ఇంజను ఒక చుట్టు తిరిగితే ఇంత ఆయిల్ అని లెక్కగా తోస్తుంది. ఆ ఆయిల్ వెళ్ళే దారిలో ఎదురయ్యే అడ్డమే ప్రెషర్. పెరట్లో మొక్కలకి నీళ్ళు పట్టేటప్పుడు పైపు మూతి మీద బొటనవేలు పెడతాం కదా, అలాగన్నమాట. వేలు తీసేస్తే నీళ్ళు వస్తూనే ఉంటాయి, ఒత్తిడి మాత్రం ఉండదు. ఇంజన్లో ఆ బొటనవేలు పని చేసేవి బేరింగుల్లో ఉండే సన్నటి సందులు. మిల్లీమీటరులో వందో వంతుల్లో లెక్కపెట్టే సందులు.

కాబట్టి ప్రెషర్ తగ్గిందంటే నాలుగే కారణాలు. పంపు సరిగా తోయట్లేదు, లేదా దానికి ఆయిల్ సరిగా అందట్లేదు. మధ్యలో ఉండే రిలీఫ్ వాల్వు తెరుచుకుని ఉండిపోయింది. బేరింగుల సందులు పెద్దవయ్యాయి (మెకానిక్కుల భాషలో 'ప్లే' వచ్చింది). లేకపోతే ఆయిలే పల్చబడింది. ఇవి కాక ఐదోది ఒకటుంది: ప్రెషర్ శుభ్రంగానే ఉంది, చెప్పే సెన్సారే అబద్ధం చెబుతోంది. మానిటరింగ్ టూల్స్ తో కాపురం చేసేవాళ్ళకి ఈ ఐదోది వేరే చెప్పక్కర్లేదు.

చిక్కటి ఆయిల్ పోస్తే ఈ అయిదింట్లో ఏది బాగవుతుంది? ఏదీ కాదు. మొదటి నాలుగింటికీ దీపం మాత్రం ఆరిపోవచ్చు.

ఇక్కడ చిన్న లెక్క ఉంది, ఇంజనీర్లం కాబట్టి చూద్దాం. సన్నటి సందులోంచి కారే ఆయిల్ పరిమాణం, ఆ సందు వెడల్పుకి ఘనం నిష్పత్తిలో ఉంటుంది. సందు రెట్టింపైతే కారేది ఎనిమిది రెట్లు. చిక్కదనం విషయంలో మాత్రం లెక్క నేరుగా ఉంటుంది: చిక్కదనం రెట్టింపైతే కారేది సగం. ఇప్పుడు 40 గ్రేడ్ ఆయిల్ తీసేసి 50 గ్రేడ్ పోశామనుకోండి. 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర 40 గ్రేడ్ చిక్కదనం 12.5 నుంచి 16.3 సెంటీస్టోకుల లోపు ఉండాలి, 50 గ్రేడ్ ది 16.3 నుంచి 21.9 లోపు. మధ్య అంకెలు తీసుకుంటే మనం సంపాదించింది ఇంచుమించు 1.3 రెట్లు. ఒకపక్క ఎనిమిది, ఇంకోపక్క 1.3. అరిగిపోయిన బేరింగుతో ఆయిల్ డబ్బా చేసే యుద్ధం ఇదీ.

పైగా ప్రెషర్ ఎక్కువ చూపిస్తే ఆయిల్ ఎక్కువ అందుతున్నట్టు కాదు. చల్లటి ఇంజన్లో చిక్కటి ఆయిల్ పోస్తే గేజీ ముల్లు ఘనంగా పైకి లేస్తుంది, అదే సమయంలో రిలీఫ్ వాల్వు తెరుచుకుని ఆ ఆయిల్ లో కొంత తిరిగి వెనక్కే వెళ్ళిపోతుంది. బేరింగుని లోహం లోహానికి తగలకుండా తేల్చేది తిరిగే షాఫ్టు తనంతట తాను పుట్టించుకునే ఆయిల్ పొర. పంపు పని ఆ పొరకి సరుకు అందించడమే. ఆయిల్ కి వేడిని మోసుకుపోయే పని కూడా ఉంది. అది ప్రవహిస్తేనే జరుగుతుంది.

మరి ఎలా వెతకాలి? మేం చేసిన వరస ఇది. ఖర్చు లేని పని ముందు, ఖర్చయ్యే పని చివర. ఇంజను దించడం అన్నిటికంటే ఆఖరున.

1. తాళం తిప్పి, ఇంజను స్టార్ట్ చేయకుండా చూడాలి. దీపం వెలగాలి. వెలగకపోతే బల్బో వైరో పోయింది, అది అన్నిటికంటే ప్రమాదం. స్టార్ట్ చేసిన రెండు మూడు సెకన్లలో ఆరాలి.

2. బండి చదునైన చోట పెట్టి, ఇంజను ఆపి, పది నిముషాలాగి డిప్‌స్టిక్ తీసి లెవెల్ చూడాలి. తక్కువుంటే సంగతి తేలిపోయినట్టే. ఎక్కువుంటే కూడా సంగతి ఉంది. ఇది గుర్తుపెట్టుకోండి.

3. డిప్‌స్టిక్ వాసన చూడాలి. నవ్వకండి, ల్యాబుకి పంపకుండా చేయగలిగే పరీక్ష ఇది. పెట్రోలు వాసన వస్తోందా? ఆయిల్ పాలు కలిసిన కాఫీ రంగులో ఉందా? రెండోదైతే కూలెంటు నీళ్ళు కలుస్తున్నాయని అనుమానించాలి.

4. ఆయిల్ స్విచ్చికి ఉన్న ఒంటి వైరు పీకి, తాళం తిప్పి చూడాలి. ఇప్పుడు కూడా దీపం వెలుగుతుంటే వైరు ఎక్కడో బాడీకి తగులుతోందని అర్థం. ఆరితే అటు స్విచ్చి తప్పో, ఇటు నిజంగానే ప్రెషర్ లేదో. ఈ స్విచ్చి చాలా కార్లలో 0.3 నుంచి 0.5 బార్ దగ్గర పనిచేస్తుంది. అంటే దీపం వెలిగేసరికే పరిస్థితి బాగా దిగజారి ఉంటుంది. దీపం ఆరిపోయినంత మాత్రాన అంతా క్షేమం అని కాదు.

5. స్విచ్చి విప్పి, ఆ మర చోటే మెకానికల్ గేజీ బిగించి కొలవాలి. జపాన్ కార్లకి సాధారణంగా 1/8 అంగుళం బీఎస్‌పీటీ మర ఉంటుంది, అమెరికన్ కార్లకి 1/8 ఎన్‌పీటీ. ఒకదానికి అంగుళానికి 28 పళ్ళు, ఇంకోదానికి 27. చేత్తో పెడితే రెండూ ఎక్కినట్టే అనిపిస్తాయి. పట్టుబట్టి బిగిస్తే మర పాడవుతుంది. అడాప్టర్ చూసి కొనండి.

6. కొలవడం ఎప్పుడూ ఇంజను పూర్తిగా వేడెక్కాకే. చల్లటి ఇంజను మీద వచ్చే అంకె ప్రొడక్షన్ బగ్ ని లోకల్ మెషీన్ మీద వెతకడం లాంటిది.

7. ఇంత చేశాకే ఫిల్టరు, రిలీఫ్ వాల్వు, సంపు లోపల ఆయిల్ పీల్చే జల్లెడ. అప్పుడు కూడా తేలకపోతే పంపు, బేరింగులు.

గేజీ మీద ఎంత ఉండాలి? మీ కారు మాన్యువల్ చెప్పినంత. అమెరికాలో పాత కార్లు నడుపుతున్న మిత్రుల కోసం రెండు ఉదాహరణలు. 1990ల టొయోటా కామ్రీ 2.2 లీటర్ ఇంజనుకి ఐడిలింగులో 4.3 పీఎస్ఐ ఉన్నా చాలు, 3000 ఆర్పీఎం దగ్గర 36 నుంచి 71 మధ్య ఉండాలి. అదే కాలపు హోండా అకార్డ్ నాలుగు సిలిండర్ల ఇంజనుకి ఆయిల్ 80 డిగ్రీలున్నప్పుడు ఐడిలింగులో కనీసం 10, 3000 దగ్గర కనీసం 50. చూశారా, ఒకరికి ఐడిలింగులో సరిపోయే అంకె ఇంకొకరికి ఫెయిలు. మాన్యువల్ దొరక్కపోతే పాత మెకానిక్కుల మోటు లెక్క ఒకటుంది: ప్రతి 1000 ఆర్పీఎం కి 10 పీఎస్ఐ, అంటే సుమారు 0.7 బార్.

జల్లెడ సంగతి తేలిగ్గా తీసుకోకండి. 1997 నుంచి 2002 వరకు వచ్చిన టొయోటా 2.2 లీటర్, 3.0 లీటర్ ఇంజన్లలో కొన్నిట్లో ఆయిల్ జిగట ముద్దలా తయారయ్యే సమస్య బయటపడి, 2002లో కంపెనీ వాటి కోసం ప్రత్యేకంగా రిపేరు పథకం ప్రకటించాల్సి వచ్చింది. అలాంటి ముద్ద జల్లెడకి అడ్డం పడితే పైన ఎంత మంచి ఆయిల్ పోసినా పంపుకి అందదు. పాత ఇంజనుకి 'ఫ్లష్' కొట్టించమనే వాళ్ళకి కూడా దూరంగా ఉండమని నేననేది ఇందుకే. ఏళ్ళ తరబడి గోడలకంటుకున్న మడ్డి అంతా ఒక్కసారి ఊడి ఆ జల్లెడ మీదే పడుతుంది.

మా కారు దగ్గరికొస్తే, స్విచ్చి నిజమే చెబుతోంది. ఆన్‌లైన్లో తెప్పించిన గేజీ బిగించి, ఊరి చివరిదాకా ఒక అరగంట తిప్పుకొచ్చి చూస్తే ఐడిలింగులో 0.3 బార్, 3000 దగ్గర 1.9. రెండూ తక్కువే. గుంటూరు గ్యారేజీవాళ్ళ మాటే నిజమేమో అనిపించే అంకెలు. ఆయిల్ మాత్రం వేలికి నీళ్ళలా తగిలింది. లెవెల్ ఎఫ్ గుర్తు మీదికి ఉంది.

"నాన్నా, ఆయిల్ ఎప్పుడు మార్పించావు?"

"ఆగస్టు 19. అనుమానమైతే చూసుకో" అని లోపలికెళ్ళి ఒక లాంగ్ నోట్‌బుక్కు పట్టుకొచ్చాడు.

మా నాన్న పిచ్చి నాకు తెలుసు గానీ ఇంత ముదిరిందని తెలీదు. తారీఖు, కిలోమీటర్లు, పోయించిన పెట్రోలు, లీటరుకి ఎంత ఇచ్చింది, ఆయిల్ లెవెల్. ప్రతి పెట్రోలు పోతకీ ఒక వరుస. గీతలు కూడా స్కేలు పెట్టి కొట్టినవి. మేం లక్షలు పోసి లాగింగ్ టూల్స్ కొని, అవసరమైన లైను మాత్రం లాగ్ చేయడం మర్చిపోతాం. ఈయన నలభై రూపాయల పుస్తకంలో అన్నీ రాశాడు.

ఆయిల్ లెవెల్ కాలమ్ వరసగా చదివాను. ఆగస్టులో 'ఎఫ్ కి కొంచెం కింద'. సెప్టెంబరులోనూ అంతే. అక్టోబరులో 'ఎఫ్'. నవంబరులో 'ఎఫ్ పైన'. మధ్యలో ఎక్కడా ఆయిల్ పోయించినట్టు లేదు. పక్క కాలమ్ లో మైలేజీ 17.4, 17.3, 16.8, 16.3.

"లెవెల్ పెరుగుతోంది కదా నాన్నా, ఎవరికీ చెప్పలేదా?"

"తగ్గితే చెప్పాలి గానీ, పెరిగితే చెప్పడమేంట్రా? ఆయిల్ తాగట్లేదు, ఇంజను బాగుందనేగా అర్థం? అయినా అడిగినవాడెవడు?"

నిజమే, ఎవరూ అడగలేదు. ఆయిల్ తనంతట తాను పెరగదు. ఇంజన్లో ఉండేవి మూడే ద్రవాలు: ఆయిలు, కూలెంటు, పెట్రోలు. రంగు మారలేదు కాబట్టి కూలెంటు కాదు. డిప్‌స్టిక్ ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇంకేం చెప్పాలి, పెట్రోలు బంకే.

నోట్‌బుక్కు తీసుకుని మా ఊరి షెడ్డుకే వెళ్ళాం. ఆయన ఇరవై ఏళ్ళుగా ఈ బండి చూస్తున్నాడు. "బాబాయ్, ఆయిల్ లెవెల్ పెరుగుతోంది" అన్నానో లేదో, చేతిలో స్పానరు పక్కన పెట్టాడు. "పెరుగుతోందా! ఈ ముక్క ముందే చెబితే ఇంత రామాయణం ఎందుకు మాస్టారూ? ఏసీ పంపు పోయింది."

ఏసీ లేని మా కార్లో ఏసీ పంపేంటా అని ఆశ్చర్యపోకండి :) కార్బురేటర్ బండ్లలో టాంకు నుంచి పెట్రోలు లాగే మెకానికల్ పంపుని మన షెడ్డుల్లో ఏసీ పంపనే అంటారు. ఏసీ అనేది ఒకప్పుడు ఇలాంటి పంపులు చేసిన అమెరికన్ కంపెనీ, ఆల్బర్ట్ ఛాంపియన్ అనే ఆయన పేరులోని పొడి అక్షరాలు. కంపెనీ పేరే వస్తువు పేరైపోయింది, డాల్డా లాగా. ఈ పంపు ఇంజనుకే బిగించి ఉంటుంది. క్యామ్ షాఫ్టు మీద ఎత్తు ఒక మీటని కొడుతుంటే లోపల రబ్బరు డయాఫ్రం పైకీ కిందికీ ఆడి పెట్రోలు లాగుతుంది. డయాఫ్రంకి ఒకవైపు పెట్రోలు, రెండోవైపు ఇంజను లోపలి భాగం. మధ్య ఉన్న రబ్బరు చీలితే పెట్రోలు నేరుగా ఇంజను ఆయిల్లోకి దిగుతుంది.

పంపు విప్పి చూస్తే డయాఫ్రం అంచున వెంట్రుక లాంటి చీలిక. సుమారు మూడు లీటర్లు పట్టే సంపులో వందకి నాలుగైదు పాళ్ళు పెట్రోలు కలిసినా ఆయిల్ గ్రేడు ఒక మెట్టు దిగిపోతుంది. మాదానిలో అంతకంటే ఎక్కువే కలిసి ఉంటుంది. కొత్త పంపు, కొత్త ఆయిలు, కొత్త ఫిల్టరు, కూలి అన్నీ కలిపి మూడు వేల లోపు తేలింది. మళ్ళీ అదే గేజీ, అదే రోడ్డు, అదే అరగంట. ఐడిలింగులో 0.9 బార్, 3000 దగ్గర 3.1. బేరింగులు నిక్షేపంగా ఉన్నాయి.

ఇప్పుడు ఆ మూడు సలహాలు పాటించి ఉంటే ఏమయ్యేదో చూడండి. 20డబ్ల్యూ-50 పోస్తే దీపం కచ్చితంగా ఆరేది. పెట్రోలు మాత్రం కారుతూనే ఉండేది. నెలో రెండు నెలలో అది కూడా పల్చబడేది, ఈలోగా బాగున్న బేరింగులు నిజంగానే అరిగేవి, సంపులో పెట్రోలు ఆవిరి పేరుకోవడం అదనపు ప్రమాదం. ఇంజను దించి నలభై వేలు పెట్టి బేరింగులు మార్చినా పాత పంపునే మళ్ళీ బిగిస్తే రెండు నెలలకి దీపం మళ్ళీ వెలిగేది. మా బావ సలహాలో బండే ఉండేది కాదు కాబట్టి దీపం సమస్యే లేదు. బగ్ ఉందని ప్రాజెక్టే మూసేయడం కూడా ఒక పరిష్కారమే కదా!

సరే, మేం ఏ ఆయిల్ పోశాం? 15డబ్ల్యూ-40. ఎందుకో చెబుతాను, మీ పాత బండికి ఎంచుకోవడానికి పనికొస్తుంది.

ఈ 'డబ్ల్యూ' అంటే వెయిట్ అనుకుంటారు చాలామంది. వింటర్ అన్నమాట. ముందున్న అంకె చలిలో స్టార్ట్ అవడం గురించి, వెనకున్న అంకె వేడెక్కాక ఉండే చిక్కదనం గురించి. 5డబ్ల్యూ ఆయిల్ ని స్టార్టింగు కోసం పరీక్షించేది మైనస్ 30 డిగ్రీల దగ్గర, 15డబ్ల్యూ ని మైనస్ 20 దగ్గర, 20డబ్ల్యూ ని మైనస్ 15 దగ్గర. తెనాలిలో ధనుర్మాసం తెల్లవారుజామున కూడా ఇవేవీ మనకి తగలవు. కాబట్టి ఆంధ్రా, తెలంగాణల్లో పాత బండికి ముందు అంకె కోసం ఎక్కువ డబ్బులు తగలెయ్యక్కర్లేదు. చికాగోలోనో మినియాపొలిస్ లోనో ఉండి పాత కారు నడిపేవాళ్ళ లెక్క వేరు, వాళ్ళకి 5డబ్ల్యూ విలాసం కాదు, అవసరం.

వెనక అంకె విషయంలో మాన్యువల్ చెప్పిన దాంతోనే మొదలుపెట్టండి. ఆ ఇంజనుని ఎంత సందులతో చేశారో అది రాసినవాళ్ళకి తెలుసు. కొత్త కార్లకి పోసే 0డబ్ల్యూ-20 ఖరీదెక్కువ కాబట్టి మంచిదని పాత ఇంజన్లో పోయకండి, అది ఆ సందులకి చేసింది కాదు. అన్నీ పరీక్షించి, గేజీ పెట్టి చూశాక బేరింగులే అరిగాయని తేలి, ఇంజను పనికి డబ్బులు పెట్టడం ఇష్టం లేకపోతే, అప్పుడు ఒక్క గ్రేడు పైకి వెళ్ళడం న్యాయమే. దాన్ని వాయిదా అంటారు, వైద్యం అనరు. తెలిసి చేస్తే తప్పులేదు.

తర్వాత ఏపీఐ అక్షరాలు. పెట్రోలు ఇంజన్లకి 2001లో ఎస్ఎల్, 2004లో ఎస్ఎం, 2010లో ఎస్ఎన్, 2020లో ఎస్‌పీ వచ్చాయి. కొత్త అక్షరం పాత ఇంజనుకీ పనికొస్తుంది, ఒక మినహాయింపుతో. లోహాల రాపిడిని కాచే జింకు-ఫాస్ఫరస్ పదార్థం ఒకటి ఆయిల్లో కలుపుతారు. అది క్యాటలిటిక్ కన్వర్టర్ ని పాడుచేస్తుందని ఎస్ఎం నుంచి 30, అంతకంటే పల్చటి గ్రేడుల్లో ఫాస్ఫరస్ కి 0.08 శాతం పరిమితి పెట్టారు. 15డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50 లాంటివాటికి ఆ పరిమితి లేదు. అంబాసడర్ పాత 1489 సీసీ ఇంజను లాంటివాటిలో క్యామ్ నేరుగా బల్లపరుపు ట్యాపెట్ల మీద రాసుకుంటూ తిరుగుతుంది. అలాంటి బండి ఉన్నవాళ్ళు ఈ పదార్థం దండిగా ఉన్న ఆయిలే చూసుకోవాలి.

సింథటిక్కా, మినరలా? ఏడాదికి నాలుగైదు వేల కిలోమీటర్లు తిరిగే మా నాన్న బండికి మంచి మినరల్ ఆయిల్ చాలు, టైముకి మారిస్తే. ఇక్కడ టైమంటే నెలలు. తక్కువ దూరాలు తిరిగే బండిలో పంపు బాగున్నా కొద్దిగా పెట్రోలూ, తేమా ఆయిల్లో చేరుతూనే ఉంటాయి. ఇంజను బాగా వేడెక్కే ప్రయాణం ఉంటేనే అవి ఎగిరిపోతాయి. కిలోమీటర్లు పూర్తికాలేదు కదా అని రెండేళ్ళు ఉంచేయకండి. డబ్బాల్లో అమ్మే 'ట్రీట్‌మెంట్'లలో చాలావరకు ఉండేది ఆయిల్ ని చిక్కబరిచే పాలిమరే. అది ఆయిల్ తయారుచేసినవాడు కలపాల్సినంత కలిపే ఉంటాడు. ఇంకొకటి, నకిలీ ఆయిల్. సీలు చూసి కొనండి, ఖాళీ డబ్బా పగలగొట్టించి పారేయండి. లేకపోతే అదే డబ్బా మళ్ళీ నిండి ఇంకొకడి ఇంజనుకి చేరుతుంది.

ఒక హెచ్చరిక. పైన చెప్పిన వెతుకులాట అంతా ఐడిలింగులో మిణుకుమనే దీపం గురించి. బండి వేగంగా వెళుతుండగా ఆ దీపం వెలిగి ఆరకపోతే మాత్రం ఇంటిదాకా వెళ్దాం అనుకోకండి. పక్కకి తీసి ఇంజను ఆపేయండి. ఆయిల్ లేని బేరింగుకి కిలోమీటర్లలో కాదు, నిముషాల్లో ఆయుష్షు.

అమ్మ ఫిజియోథెరపీ మళ్ళీ మొదలైంది. నాన్న నోట్‌బుక్కులో ఇప్పుడు ఇంకో కాలమ్ చేరింది, 'వాసన' అని. ప్రతి వరసలోనూ 'లేదు' అని రాస్తున్నాడట.

మీ ఇంట్లో కూడా అమ్మానాన్నలు నడుపుకుంటున్న పాత బండి ఉంటే, ఈసారి ఊరెళ్ళినప్పుడు అమ్మేయమని ఉపన్యాసం ఇచ్చేముందు ఒక పని చేయండి. బానెట్ ఎత్తి డిప్‌స్టిక్ తీసి చూడండి, వాసన పట్టండి, లెవెల్ తగ్గిందా అనే కాదు, పెరిగిందా అని కూడా అడగండి. ఆ బండి నడిపేవాళ్ళకి దాని గురించి మనకంటే ఎక్కువే తెలుసు. అడిగేవాళ్ళు లేక చెప్పరంతే.